ఆరు తీసేస్తే

ఆ గదిలోకి వచ్చినవాళ్ళు ఎవరూ చెప్పకుండానే గొంతు తగ్గించి మాట్లాడతారు. మూడు గోడల నిండా గుండ్రటి గేజులు వేలాడుతుంటాయి. బాయిలర్లవి, గ్యాసు సిలిండర్లవి, నీటి పంపులవి. లోపల ఒత్తిడి ఎంతుందో బయట ముల్లు తిప్పి చూపించే గేజులు. చుట్టుపక్కల కార్ఖానాలన్నీ ఏడాదికోసారి వాటిని విప్పి ఇక్కడికి పంపుతాయి. అవి నిజం చెబుతున్నాయో కోతలు కోస్తున్నాయో తేల్చి, మంచివాటికి పచ్చ చీటీ, చెడ్డవాటికి ఎర్ర చీటీ అంటించాలి. ఆ తేల్చే పెద్దమనిషిని అందరూ ముల్లు మాస్టారు అంటారు. వయసు యాభై రెండు. ఇరవై ఆరేళ్ళుగా ముళ్ళనే చూస్తూ బతుకుతున్నాడు. ఇంట్లో గోడ గడియారం వంక చూసినా ముందు ముల్లు వణుకుతోందా అని చూస్తాడు, టైమెంతయిందో తర్వాత చూస్తాడు.

అలాంటి మనిషికి ఏడాదికోసారి జరిగే ఆరోగ్య పరీక్షలో కింది అంతస్తు నర్సమ్మ చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, మెల్లగా వదిలి, "నూట ముప్పై ఆరు, ఎనభై ఆరు" అంది. కాసేపాగి మళ్ళీ చూసింది. అంతే ఉంది.

"కొంచెం ఎక్కువుంది మాస్టారూ."

"కొంచెమేగా!"

"కొంచెమే. అందుకే ఇప్పుడే చెబుతున్నా. దీనికి మాత్రలేం వద్దు. ఉప్పు తగ్గించి రోజూ నడిస్తే చాలామందికి దిగిపోతుంది. పట్టించుకోకుండా ఏళ్ళ తరబడి ఇలాగే ఉంచామనుకోండి, రక్తనాళాలు బిరుసెక్కుతాయి, గుండెకి చాకిరీ పెరుగుతుంది. నొప్పంటూ ఉండదు కాబట్టి ఏమీ తెలీదు. మీ ఇంట్లో ఎవరికైనా గుండెజబ్బు ఉందా?"

మాస్టారు చొక్కా చెయ్యి కిందికి దించుకుని బొత్తాం పెట్టుకున్నాడు.

"మా నాన్న. యాభై మూడో ఏట పోయాడు. హఠాత్తుగా."

"ఆయనకి బీపీ ఉండేదా?"

"ఏమీ ఉండేది కాదు. ఒక్కరోజూ మంచం పట్టిన మనిషి కాదు."

నర్సమ్మ పట్టీ, రబ్బరు బుడ్డి, గేజు, స్టెతస్కోపు ఒక సంచిలో పెట్టి ఇచ్చింది. రెండు వారాలు, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కొలిచి రాసుకు రమ్మంది. కొలిచేముందు అయిదు నిమిషాలు నోరు మూసుకుని కదలకుండా కూర్చోవాలంది. వీపు కుర్చీకి ఆనాలి, పాదాలు రెండూ నేల మీద ఉండాలి, చెయ్యి బల్ల మీద పెట్టాలి. చెవులకి పెట్టుకుని వినడం ఎలాగో భార్యను పంపితే నేర్పుతానంది.

ఆవిడకు నేర్పడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. ఆవిడ కుట్టుమిషన్లు బాగుచేస్తుంది. వీధి మలుపులో చిన్న షాపు. ఎవరైనా మిషన్ తెచ్చి పెడితే కళ్ళు మూసుకుని చక్రం తిప్పుతూ వింటుంది. "బాబిన్ కింద దారం ముక్క ఇరుక్కుంది" అంటుంది. విప్పి చూస్తే ఇరుక్కునే ఉంటుంది. అంత చెవి ఉన్న ఇల్లాలితో కాపురం చేస్తూ ఏ మగాడైనా ఏదైనా దాచగలడా అని వీధిలో వాళ్ళు మాస్టారిని ఆటపట్టిస్తుంటారు.

కానీ ఆ చెవికి ఒక పాత భయం పట్టుకుని ఉంది. ఆవిడ కాపురానికొచ్చిన నాలుగో నెలలో మామగారు కిటికీ దగ్గర నిలబడి టీ తాగుతూ, "టైమెంతయిందమ్మా?" అని అడిగాడు. ఆవిడ గడియారం వైపు తిరిగి, టైము చూసి, మళ్ళీ ఇటు తిరిగేలోపల నేల మీద ఉన్నాడు. ఇంట్లో అప్పుడు ఆవిడ తప్ప ఎవరూ లేరు. భర్తకు యాభై నిండిన రోజు నుంచి ఆవిడకు నిద్ర కరువయింది. మధ్యమధ్యలో లేచి, పక్కన ఊపిరి ఆడుతోందా లేదా అని విని పడుకుంటుంది. ఆ సంగతి మాస్టారికి తెలుసు. తెలిసీ నిద్రపోతున్నట్టే పడుకుంటాడు, ఏం చెప్పాలో తెలియక.

కొలత ఇద్దరూ కలిసి వంటింట్లో చేసేవారు. ఆవిడ గాలి కొట్టి, కళ్ళు మూసుకుని వినేది. మొదటి చప్పుడు వినపడగానే ఆయన మోకాలి మీద వేలితో ఒకసారి తట్టేది. చప్పుడు ఆగిపోగానే ఇంకోసారి. ఆ రెండు తట్లప్పుడు ముల్లు ఎక్కడుందో చూసి ఆయన కాగితం మీద రాసేవాడు. "ముల్లు సంగతి మీది, చెవి సంగతి నాది" అంది మొదటి రోజే. ఆయన రాసిన కాగితం ఒక్కసారి కూడా తీసి చూడలేదు.

అయిదు నిమిషాలు ఊరికే కూర్చోవడం మాస్టారు పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ చెయ్యలేదు. మొదటి రోజు ఒళ్ళంతా చీమలు పాకినట్టు అనిపించింది. రెండో రోజు బల్ల మీద పడిన ఎండ ముక్కను చూస్తూ కూర్చున్నాడు. మూడో రోజు ఆ ఎండ ముక్క మెల్లగా కదలడం మొదలెట్టింది. బల్ల కదిలింది. కుర్చీ కదిలింది. పని గదిలో ఆయన గేజులు సరిచూసే యంత్రం మీద ఇనుప బిళ్ళలు నూనె మీద తేలుతూ, ఎక్కడా తగలకుండా, చప్పుడు లేకుండా తిరుగుతుంటాయి. వంటిల్లు కూడా అలా తిరుగుతోంది. గిన్నెలు, ఉప్పు డబ్బా, కిటికీ, కిటికీలోని ఆకాశం, అన్నీ తొందర లేకుండా ఆయన చుట్టూ తిరిగి వస్తున్నాయి. ఎంత హాయిగా ఉందంటే, ఆయనకు నవ్వొచ్చింది.

అప్పుడు ఎదురు కుర్చీలోకి నాన్న వచ్చి కూర్చున్నాడు.

తల తడిగా దువ్వుకుని, బాయిలర్ గదికి వెళ్ళేముందు ఎలా ఉండేవాడో అలాగే ఉన్నాడు. నాన్న బాయిలర్ మనిషి. ఆయన మొహం చూసి మాస్టారు ఆశ్చర్యపోయాడు. ముసలివాడనుకున్న నాన్నకు జుట్టింకా నల్లగానే ఉంది. ఇప్పుడు తనకంటే ఒక్క ఏడాదే పెద్ద. పక్కన నిలబడితే అన్నదమ్ములనుకుంటారు. ఏదైనా మాట్లాడదామనుకున్నాడు గానీ నర్సమ్మ మాట్లాడొద్దంది. నాన్న కూడా ఎవరో వద్దన్నట్టే ఊరుకున్నాడు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఉండగా మోకాలి మీద భార్య వేలు తగిలింది. నూట ముప్పై ఎనిమిది. తర్వాత రెండో తట్టు. ఎనభై ఎనిమిది.

గాలంతా వదిలేశాక కూడా ముల్లు సున్నా దాకా వెళ్ళలేదు. ఆరు దగ్గర ఆగిపోయింది.

మాస్టారి గుండెల మీంచి పెద్ద బరువు దిగింది. ఓహో, ఇదా సంగతి! ఏ ఒత్తిడీ లేనప్పుడే ఆరు చూపిస్తోందంటే, పైన చూపించే ప్రతి అంకెలోనూ ఆరు ఎక్కువే కదా. మామూలు మనిషైతే ఆ ఆరును పట్టించుకోడు, ఉన్న అంకె ఉన్నట్టు రాసుకుని దిగులుపడతాడు. మాస్టారు మామూలు మనిషి కాదు. నూట ముప్పై ఎనిమిదిలోంచి ఆరు తీసేసి నూట ముప్పై రెండు రాశాడు. ఎనభై ఎనిమిదిలోంచి ఆరు తీసేసి ఎనభై రెండు రాశాడు. మొదటి రెండు రోజుల అంకెలు కూడా కొట్టేసి ఆరేసి చొప్పున తగ్గించాడు. అందులో మోసం చేస్తున్నానన్న ఆలోచన ఆయనకు రవ్వంత కూడా లేదు. గేజులో తప్పుంటే సరిదిద్ది రాయడం ఆయన ఉద్యోగం.

అలా ఇరవై ఎనిమిది కొలతలు రాశాడు. రోజూ నాన్న వచ్చేవాడు, ఏమీ అనకుండా కూర్చుని వెళ్ళేవాడు. రెండు వారాలయ్యాక నర్సమ్మ కాగితం చూసి తల ఊపింది.

"సగటు నూట ముప్పై లోపే ఉంది. ఆ రోజు ఇక్కడికి మెట్లెక్కి దిగి వచ్చుంటారు. ఫర్వాలేదు, వచ్చే ఏడాది చూద్దాం."

"మీ గేజు సున్నా దగ్గర తేడాగా ఉంది నర్సమ్మా. తీరిక చూసుకుని నేనే సరిచేసి ఇస్తాలెండి" అన్నాడు మాస్టారు, పెద్దరికంగా.

"మీ పుణ్యం. ఇంకోటుంది, దాంతో గడుపుతా. ఎప్పుడైనా తెచ్చివ్వండి, అయిదున్నర దాకా ఇక్కడే ఉంటా."

ఇంటికి వెళ్ళి భార్యకు చెప్పాడు. చేతిలోని స్క్రూడ్రైవర్ కింద పెట్టి, ఆవిడ మిషన్ నూనె అంటిన చేతులతోనే మొహం కప్పుకుంది. భుజాలు కదులుతుంటే ఏడుస్తోందని తెలిసింది. ఏమిటీ పిచ్చి అని ఆయన కోప్పడ్డాడు, కోప్పడుతూనే తను కూడా కళ్ళు తుడుచుకున్నాడు. మర్నాడు పొద్దున ఆయన లేచేసరికి ఆవిడ ఇంకా నిద్రపోతోంది. రెండేళ్ళలో మొదటిసారి. మొహం మీదికి ఎండ వచ్చినా కదల్లేదు. మాస్టారు కర్టెన్ లాగి, చప్పుడు కాకుండా తనే టీ పెట్టుకుని, ఆ నిద్ర తను కొనిపెట్టిన వస్తువన్నంత గర్వంగా గుమ్మంలో నిలబడి తాగాడు. ఆ నిద్ర నెల రోజులు సాగింది.

నెల తర్వాత ఒక మధ్యాహ్నం పని పలచబడితే నర్సమ్మ గేజు గుర్తొచ్చింది. ఆయన గదిలో చిన్న గేజుల కోసం పాదరసం గొట్టం ఉంది. నిలువుగా, సన్నగా, పక్కన గీతలతో. చేతి పంపు నొక్కితే గాజులో వెండి రంగు పైకి పాకుతుంది. ఆ గదిలో అన్నిటికంటే నమ్మకమైనది అదే. గేజును దానికి తగిలించి పంపు నొక్కాడు. పాదరసం నలభై దగ్గర నిలబడింది. గేజు ముల్లు నలభై ఆరు చూపించాలి.

నలభై చూపించింది.

కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకున్నాడు. ఎనభైకి తీసుకెళ్ళాడు. ముల్లు ఎనభై. నూట ఇరవై, నూట నలభై, నూట అరవై. వెండి గీత ఎక్కడ ఆగితే ముల్లు అక్కడే ఆగింది. వెంట్రుకవాసి తేడా లేదు. పైనుంచి కిందికి దించుతూ చూశాడు. అదే వరస. మూడోసారి చేసినా మారలేదు. గేజు అద్దం విప్పి చూస్తే సున్నా దగ్గర ముల్లు ఆనుకునే చిన్న పిన్ను పైకి వంగిపోయి ఉంది. ఎప్పుడో కింద పడ్డప్పుడు వంగి ఉంటుంది. ముల్లు దాని మీద పడుకుని ఆరు చూపిస్తోంది, అంతే. పైన అది చెప్పిన ప్రతి అంకె అక్షరాలా నిజం.

సున్నా ఒక్కటే చూసి గేజును తప్పుపట్టకూడదు, అది పనిచేసే చోట దాన్ని సరిచూడాలి. ఈ గదిలో పనికి చేరిన ప్రతివాడికీ మాస్టారు మొదటి రోజే చెప్పే మాట ఇది. చెప్పీ చెప్పీ నోరు అరిగిపోయింది. వేరేవాడెవడైనా ఈ పని చేసుంటే చెడామడా తిట్టి ఇంటికి పంపేవాడు. తనను ఎవరు తిడతారు?

నర్సమ్మ తిరిగిచ్చిన కాగితం తీసి, తీసేసిన ఆరును ఒక్కొక్క అంకెకీ తిరిగి కలిపాడు. నూట ముప్పై అయిదు. నూట ముప్పై ఎనిమిది. నూట ముప్పై మూడు. అన్నీ కొంచెమే ఎక్కువ. కానీ ఇరవై ఎనిమిదిట్లో ఒక్కటి కూడా నూట ముప్పై గీతకు కిందికి రాలేదు. గేజు ఒకసారి పైకీ ఒకసారి కిందికీ ఊగితే ఆయన భయపడడు, చెయ్యి తేడా అనుకుంటాడు. ఎప్పుడూ ఒకే వైపుకి వాలిన గేజును మాత్రం, తేడా ఎంత చిన్నదైనా, పక్కన పెడతాడు. ఆయన సొరుగు నిండా అలాంటివే ఉన్నాయి. లోపలి వంపు గొట్టం రోజూ ఓ పిసరు ఎక్కువ సాగుతూ, సాగుతూ, ఇక వెనక్కి ముడుచుకోవడం మరిచిపోయిన గేజులు. పైకి చూస్తే కొత్తవాటిలా మెరుస్తుంటాయి.

పచ్చ చీటీ చేతిలోకి తీసుకున్నాడు. వంగిన పిన్నును నిమిషంలో సరిచెయ్యొచ్చు. అది చేసి, చీటీ అంటించి నర్సమ్మకు ఇచ్చేస్తే ఎవరూ ఏమీ అడగరు. ఇంట్లో ఆవిడ ఇంకో ఏడాది నిద్రపోతుంది. తను మాత్రం చాటుగా ఉప్పు తగ్గించుకుని, చాటుగా నడుస్తాడు. వీలుంటే. మర్చిపోకపోతే.

గదిలో బిళ్ళలు తిరుగుతున్నాయి. ఎవరూ కూర్చోమని చెప్పకపోయినా వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి కూర్చున్నాడు. గోడల మీది గేజులు నీళ్ళలో ఉన్నట్టు మసకబారాయి. వాటి మధ్యలోంచి నాన్న నడిచి వచ్చాడు. స్టూలు లాక్కుని దగ్గరగా కూర్చున్నాడు. చొక్కా చెయ్యి మోచేతి పైదాకా మడిచి ఉంది. ఆ చేతిని బల్ల మీద చాపాడు.

"నాకెంత ఉందో చూడరా" అన్నాడు.

మాస్టారు పట్టీ కోసం వెతికాడు. గేజు చేతిలోనే ఉంది. పట్టీ, బుడ్డి ఎక్కడా కనపడలేదు. సొరుగులు లాగాడు, సంచి బోర్లించాడు. నాన్న చెయ్యి చాపుకుని ఓపిగ్గా కూర్చునే ఉన్నాడు, చిన్నప్పుడు తను చెప్పులేసుకునేదాకా గుమ్మంలో ఆగినట్టు. "ఉండు నాన్నా, ఒక్క నిమిషం" అంటుండగానే కళ్ళు తెరుచుకున్నాయి. స్టూలు గోడ పక్క దాని చోటులోనే ఉంది.

నాన్నకు ఎవరూ ఎప్పుడూ కొలవలేదు. ఆ మాట ఇరవై ఏడేళ్ళలో మొదటిసారి ఆయనకు తట్టింది. బాయిలర్‌లో ఎంత ఒత్తిడి ఉందో గంటగంటకీ పుస్తకంలో రాసిన మనిషికి, తనలో ఎంతుందో ఒక్కసారి కూడా ఎవరూ రాసిపెట్టలేదు. హఠాత్తుగా పోయాడని ఇంటిల్లిపాదీ చెప్పుకున్నారు. ఎన్నేళ్ళు పట్టిందో ఆ హఠాత్తుకి, ఎవరికి తెలుసు! మాస్టారికి దుఃఖం పొంగుకొచ్చింది. బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాడు.

సగం రోజు సెలవు రాసి, గేజు, కాగితం జేబులో వేసుకుని బయటపడ్డాడు. ఎండ ఏటవాలుగా పడుతోంది. నడుస్తుంటే ఎదురొచ్చే ప్రతి మనిషి ఛాతీలోనూ ఒక ముల్లు కదులుతున్నట్టు కనిపించింది. బస్సు డ్రైవరు, కిటికీ అద్దాలు తుడిచేవాడు, పిల్లను ఎత్తుకుని పరిగెత్తే తల్లి. ఒకరిలో సరిగ్గా ఉంది, ఒకరిలో గీత దాటి కొంచెం పక్కకి వాలింది. ఎవరి ముల్లు వాళ్ళకు కనపడక అందరూ కబుర్లు చెప్పుకుంటూ పోతున్నారు. అందరినీ ఆపి చెప్పాలనిపించింది. ముందు ఒక మనిషికి చెప్పాలి.

షాపులో ఆవిడ పాత మిషన్ కింద నూనె వేస్తోంది. వేళ కాని వేళ భర్త గుమ్మంలో కనపడేసరికి నూనె డబ్బా కింద పెట్టేసింది.

"ఏమయిందండీ?"

"ఏం కాలేదు. కూర్చో."

"మీరు కూర్చోండి ముందు. మొహం అలా ఉందేమిటి?"

ఇద్దరూ రెండు స్టూళ్ళ మీద కూర్చున్నారు. ఆయన గేజు తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. ఆరు దగ్గర ఆగిన ముల్లు చూపించాడు. పిన్ను గురించి, పాదరసం గురించి, ప్రతి అంకెలోంచి తను తీసేసిన ఆరు గురించి చెప్పాడు. నీళ్ళు నమలకుండా చెప్పాలనుకున్నాడు గానీ మధ్యలో రెండుసార్లు ఆగాల్సి వచ్చింది. ఆవిడ మొహంలో నెల రోజుల నిద్ర కరిగిపోవడం ఆయన కళ్ళారా చూశాడు.

"అంటే, నెల నుంచీ..." అంది ఆవిడ. "నేను తట్టిన చోట రాయలేదా మీరు?"

"గేజు తప్పనుకున్నా."

"ఇరవై ఆరేళ్ళ సర్వీసు మీది! పైన కూడా సరిచూడాలని మీకు తెలీదా?"

మాస్టారి దగ్గర దానికి చాలా జవాబులున్నాయి. దారి పొడుగునా తయారు చేసుకున్నాడు. ఆవిడ కళ్ళు చూశాక వాటన్నిటినీ వదిలేశాడు.

"తెలుసు" అన్నాడు. "భయమేసి తీసేశా. నాన్నలాగా అవుతుందేమోనని భయమేసింది. ఆ ఆరు కనపడగానే పట్టుకు వేలాడాను."

ఆవిడ గేజును మిషన్ పక్కన పెట్టింది. బయట ఎవరో సైకిల్ బెల్లు కొట్టుకుంటూ పోయారు. ఆవిడకు ముక్కు మీద కోపం. ఆయన తిట్లకు సిద్ధపడే కూర్చున్నాడు.

"భయమేస్తే నాకు చెప్పాలి గానీ, కాగితానికి చెబుతారా?" అంది చివరికి. "నేనేమో ఆ కాగితాన్ని నమ్మి పడుకున్నా. మీ పక్కన ఒళ్ళు తెలీకుండా పడుకున్నా."

"తప్పయిపోయిందే."

ఆవిడ చెయ్యి తుడుచుకుని ఆయన మణికట్టు పట్టుకుంది.

"చదవండి. అసలు అంకెలు. ఒక్కటీ వదలకుండా."

ఆయన కాగితం విప్పాడు. ఆవిడ కళ్ళు మూసుకుంది, బాగుచెయ్యాల్సిన మిషన్ ముందు కూర్చున్నప్పుడు మూసుకున్నట్టే. నూట ముప్పై అయిదు, ఎనభై ఆరు. నూట ముప్పై ఎనిమిది, ఎనభై అయిదు. నూట ముప్పై మూడు, ఎనభై నాలుగు. షాపులోకి వచ్చిన ఎండ మిషన్ల చక్రాల మీద నిలబడింది. చదువుతుంటే ఆయన గొంతు మెల్లగా స్థిమితపడింది. ఆవిడ వేళ్ళ కింద తన నాడి కొట్టుకోవడం ఆయనకే తెలుస్తోంది. ఏ అంకె దగ్గరా ఆవిడ ఆపలేదు, ఏడవలేదు. ఇరవై ఎనిమిదీ విన్నాక కళ్ళు తెరిచింది.

"కొంచెమే" అంది. "కానీ ఒక్కరోజూ వదల్లేదు."

"ఊఁ."

లేచి చెప్పులేసుకుంది. షట్టరు సగం కిందికి లాగి, ఆయన ఇంకా స్టూలు మీదే ఉన్నాడని చూసి చెయ్యి చాపింది.

"లేవండి, నడిచే వెళ్దాం. అయిదున్నరకి నర్సమ్మ వెళ్ళిపోతుంది."